క్లోమంలో గడ్డ వల్ల కామెర్లు: స్టెంట్ ముందా, ఆపరేషన్ ముందా?

మీరు రాసింది క్లుప్తంగా ఇది. మీ నాన్నగారికి 64 ఏళ్లు. మూడు వారాలుగా కామెర్లు, కడుపు నొప్పి లేదు, రాత్రంతా దురద. కామెర్లు ఎంత ఉన్నాయో చెప్పే రక్తపరీక్ష బిలిరుబిన్ 17.8. సీటీ స్కాన్‌లో క్లోమం (పాంక్రియాస్) తలభాగంలో 3 సెంటీమీటర్ల గడ్డ ఉందని, అది పక్కనున్న పెద్ద సిరను ఆనుకుని ఉందని రాశారు. గుంటూరులో చూసిన డాక్టరు గారు ముందు ఎండోస్కోపీలో స్టెంట్ (మూసుకుపోయిన పిత్తనాళాన్ని తెరిచి ఉంచే చిన్న గొట్టం) వేద్దామన్నారు. విజయవాడలో సర్జన్ గారు నేరుగా ఆపరేషన్ మేలేమో అన్నారు. ఊళ్లో బంధువులు పసరు మందు ఇప్పిద్దామంటున్నారు. ఎవరి మాట వినాలి, స్టెంట్ వేస్తే ప్లాస్టిక్‌దా మెటల్‌దా అని అడిగారు.

నేను గ్యాస్ట్రోఎంటరాలజిస్టుని. ఇరవై రెండేళ్లుగా వారంలో మూడు నాలుగు రోజులు ఈఆర్‌సీపీ, అంటే ఎండోస్కోప్‌తో పిత్తనాళంలోకి వెళ్లి స్టెంట్ వేసే ప్రొసీజర్, చేసే టేబుల్ పక్కనే గడుస్తాయి. మనిషిని చూడకుండా ఫలానాది చేయించండి అనడం సరికాదు కాబట్టి, మీ డాక్టర్లతో కూర్చున్నప్పుడు మీకు పనికొచ్చేలా చెబుతానమ్మా. ఆ ఇద్దరిలో ఎవరూ తప్పు చెప్పలేదు. స్టెంట్ వేయాలా వద్దా అన్నది కామెర్లు ఎంత ఉన్నాయో చూసి మాత్రమే తేల్చేది కాదు. స్టెంట్ తర్వాత ఏం చేయబోతున్నామన్న దాన్ని బట్టి తేలుతుంది. ఆ తర్వాతి అడుగు ఏమిటో మీకు ఇంకా ఎవరూ కూర్చోబెట్టి చెప్పినట్టు లేదు.

పసరు సంగతి ముందు తేల్చేద్దాం, ఎందుకంటే చాలామందికి రోజులు పోయేది అక్కడే. మన వైపు కామెర్లంటే ఒకటే జబ్బు అనుకుంటారు. హెపటైటిస్ ఏ, ఈ లాంటి వైరస్‌లతో లివర్ వాచి వచ్చే కామెర్లు చాలామందికి కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గిపోతాయి. ఆ రోజుల్లో నేల ఉసిరి తాగినా, ముక్కులో పసరు పోయించుకున్నా, చేతి మీద వాత పెట్టించుకున్నా పేరు ఆ మందుకే వస్తుంది. మీ నాన్నగారిది అది కాదు. ఆయన లివర్ పిత్తరసం తయారుచేస్తూనే ఉంది, అది కిందికి దిగే గొట్టం నొక్కుకుపోయింది. గడ్డ నొక్కిన గొట్టాన్ని ఏ ఆకూ తెరవలేదు. బంధువుల మీద కోపం తెచ్చుకోకండి, వాళ్లు కళ్లారా చూసిన కామెర్లు తగ్గినవే. "ఇది గొట్టం మూసుకుపోయి వచ్చిన కామెర్లు" అని చెప్పి చూడండి, ఎక్కువమంది అక్కడితో ఆగిపోతారు.

ఆ గొట్టం ఎందుకు నలుగుతుందో చెబుతాను. లివర్లో తయారైన పిత్తరసం పెన్సిలంత సన్నటి నాళంలో కిందికి వచ్చి చిన్నపేగు మొదట్లో పడుతుంది. పేగులో పడబోయే ముందు ఆ నాళం చివరి భాగం క్లోమం తలలో నుంచే వెళ్తుంది. అందుకే అక్కడ గడ్డ పెరిగితే చాలామందిలో మొదట నలిగేది అదే. రసం పేగులోకి రాక మలం సున్నం కలిపినట్టు తెల్లబడుతుంది. రక్తంలోకి ఎక్కి మూత్రం డికాషన్ రంగులో వస్తుంది. దురద గురించి మీరు ఒక్క మాటలో రాశారుగానీ, అది ఎంత బాధో నాకు తెలుసు. అరచేతులు, అరికాళ్లతో మొదలవుతుంది. తలగడ పక్కన దువ్వెన పెట్టుకుని తెల్లవార్లూ గీరుకునేవాళ్లు, వీపు నిండా గోళ్ల గాట్లు ఎండి ఉన్నవాళ్లు ఓపీకి వస్తుంటారు. నిద్ర పోతుంది, తిండి పోతుంది, నెల తిరక్కుండా మనిషి సగమవుతాడు. మామూలు అలర్జీ మాత్రలకి ఈ దురద పెద్దగా లొంగదు, దారి తెరిస్తేనే తగ్గుతుంది.

ఇంకొకటి కూడా ఉంది. పిత్తరసం పేగులోకి రాకపోతే విటమిన్ కె ఒంటికి పట్టదు, దాంతో రక్తం గడ్డకట్టడం మందగిస్తుంది. ఎండోస్కోపీకైనా ఆపరేషన్‌కైనా ముందు రక్తం ఎంత త్వరగా గడ్డకడుతుందో చూసే ఐఎన్ఆర్ పరీక్ష చేసి విటమిన్ కె ఇంజెక్షన్ ఇచ్చేది అందుకే. నాన్నగారు గుండెకో పక్షవాతానికో రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ఆ సంగతి ముందే చెప్పండి. వాటిని మీరే ఆపేయకండి.

ముందు కామెర్లు దించాలా, నేరుగా కోయాలా అన్నది ఈనాటి ప్రశ్న కాదు. ఈ గడ్డ తీసే ఆపరేషన్‌కి న్యూయార్క్ సర్జన్ అలెన్ విపుల్ పేరే పెట్టారు. 1935లో ఆయన బృందం దాన్ని వివరించినప్పుడు రెండు విడతలుగా చేసేవారు. మొదటి విడతలో పిత్తరసానికి పక్కదారి వేసి, కామెర్లు దిగాక రెండో విడతలో గడ్డ తీసేవారు. కామెర్ల మీద కోస్తే రక్తం ఆగదన్న భయం అప్పట్లో పెద్దది. విటమిన్ కె వాడకంలోకి వచ్చాక ఒకే విడతలో చేయడం మొదలైంది. ఆ తర్వాత 1979లో జర్మనీలోని హాంబర్గ్‌లో నిబ్ సోహెండ్రా నోటి ద్వారా ఎండోస్కోప్ పంపి పిత్తనాళంలో ప్లాస్టిక్ గొట్టం పెట్టి చూపించారు. కోత లేకుండా కామెర్లు దించే దారి దొరికేసరికి, ప్రతి ఒక్కరికీ ముందు స్టెంట్ వేసి తర్వాత సర్జన్ దగ్గరికి పంపడం అలవాటైపోయింది.

ఆ అలవాటు మంచిదేనా అని నెదర్లాండ్స్ డాక్టర్లు పరీక్షించి 2010లో ఫలితాలు ప్రచురించారు. ఆపరేషన్‌కి తగిన 202 మందిని తీసుకుని కొందరికి వారంలోపే నేరుగా ఆపరేషన్ చేశారు, మిగతావాళ్లకి ముందు స్టెంట్ వేసి 4 నుంచి 6 వారాలు ఆగి చేశారు. తీవ్రమైన ఇబ్బందులు నేరుగా చేసినవాళ్లలో 39 శాతం మందికి వస్తే, ముందు స్టెంట్ వేసినవాళ్లలో 74 శాతం మందికి వచ్చాయి. విజయవాడ సర్జన్ గారి మాట వెనక ఉన్నది ఇదే. గడ్డ శుభ్రంగా తీయగలిగేలా ఉండి, ఆపరేషన్ తేదీ వారం పది రోజుల్లో దొరికి, జ్వరం లేకపోతే, స్టెంట్ జోలికి పోకుండా ఆపరేషన్‌కి వెళ్లడమే మంచిదని నేనూ చెబుతాను. చేతిలో ఎండోస్కోప్ ఉంది కదా అని వేసేయకూడదు.

అయితే మీ నాన్నగారి విషయం ఆ పరీక్షలోని వాళ్లతో పూర్తిగా కలవదు. అందులో తీసుకున్నవాళ్ల బిలిరుబిన్ పై హద్దు 14.6, ఈయనకి 17.8. అందులో వాడినవి ప్లాస్టిక్ స్టెంట్లు, వాటితోనే మూసుకుపోవడం, ఇన్ఫెక్షన్ రావడం ఎక్కువ జరిగింది. వీటన్నిటికంటే ముఖ్యమైనది మీరు మధ్యలో రాసిన మాట, గడ్డ సిరను ఆనుకుని ఉందని. అలా ఆనుకున్న గడ్డలకి ఇప్పుడు చాలా చోట్ల ముందు కొన్ని నెలలు కీమో (క్యాన్సర్ మందులు) ఇచ్చి, తర్వాత ఆపరేషన్ చేస్తున్నారు. ఆ దారిలో వెళ్లేటట్టయితే స్టెంట్ తప్పదు. కీమోలో వాడే ఇరినోటెకాన్ లాంటి మందులు ఒంట్లోంచి బయటికి పోవడానికి లివర్, పిత్తనాళం రెండూ కావాలి. బిలిరుబిన్ దాదాపు మామూలు స్థాయికి దిగనిదే ఆంకాలజిస్టు (క్యాన్సర్ డాక్టరు) ఆ సీసా తగిలించరు. నెలల తరబడి మూసుకుపోయిన నాళంతో ఎవరూ ఉండలేరు కూడా.

కాబట్టి రేపు మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న "స్టెంట్ వేస్తారా" అని కాదు. "ఈ గడ్డ ఇప్పుడే తీయగలిగేదా, కీమో తర్వాత తీసేదా, తీయలేనిదా? సర్జన్, ఆంకాలజిస్టు, ఎండోస్కోపీ చేసే డాక్టరు ముగ్గురూ ఈ స్కాన్ కలిసి చూశారా?" అని అడగండి. తీయలేనిదని తేలినా స్టెంట్ విలువ తగ్గదు. దురద పోయి, తిండి సయించి, కీమో తీసుకునే ఓపిక రావడం ఆ ఇంట్లో ఉన్నవాళ్లకి చిన్న విషయం కాదు.

ఆ స్కాన్ గురించి కూడా ఒక మాట. మీకు తీసింది మామూలు కడుపు సీటీనా, క్లోమం కోసం ప్రత్యేకంగా సన్నటి ముక్కలుగా, రంగు మందు ఎక్కించాక రెండు వేర్వేరు సమయాల్లో తీసే "పాంక్రియాస్ ప్రోటోకాల్" సీటీనా అడగండి. అది స్టెంట్ వేయకముందే తీయాలి. కొన్నేళ్ల కిందట ఒక రిటైర్డ్ టీచరమ్మ నా దగ్గరికి వచ్చారు. వేరే చోట కేవలం అల్ట్రాసౌండ్ చూసి కామెర్లకి స్టెంట్ వేసేశారు. ఆ మర్నాడు ఆమెకి క్లోమం వాచింది. తర్వాత సీటీ తీస్తే ఏది వాపు, ఏది గడ్డ, గడ్డ సిరను తాకిందా లేదా అన్నది ఎవరూ గట్టిగా చెప్పలేకపోయారు. వాపు తగ్గేదాకా ఆగాల్సి వచ్చింది. ఆమె ఇద్దరు కొడుకులూ రోజూ ఫోన్ చేసి "ఇంకా ఎన్నాళ్లు సార్" అని అడిగేవారు. ఒక్కరోజు ముందు స్కాన్ తీసి ఉంటే ఆ వారాలన్నీ మిగిలేవి.

బయాప్సీ కూడా స్టెంట్‌తో ముడిపడిన విషయమే. నేరుగా ఆపరేషన్‌కి వెళ్లేవాళ్లకి ముందుగా ముక్క పరీక్ష తప్పనిసరి కాదు. కీమోతో మొదలుపెట్టేటట్టయితే మాత్రం క్యాన్సరేనని రుజువు కావాలి. ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్‌తో పేగులో నుంచే గడ్డలోకి సూది పంపి ముక్క తీస్తారు. సదుపాయం ఉన్న చోట ఒకే మత్తులో ముందు ఆ సూది పరీక్ష, వెంటనే ఈఆర్‌సీపీ రెండూ అయిపోతాయి, అడిగి చూడండి. క్లోమం తలలో గడ్డలా కనబడినవన్నీ క్యాన్సర్లు కావు. ఆటోఇమ్యూన్ వాపు అచ్చం ఇలాగే కనబడి స్టెరాయిడ్ మాత్రలకి కరిగిపోతుంది. ఏళ్ల తరబడి ఉన్న పాత క్లోమం వాపు కూడా గడ్డ కడుతుంది. క్యాన్సర్ సూచనగా చూసే సీఏ 19-9 రక్తపరీక్ష ఎక్కువ వచ్చిందని భయపడుతుంటే, కామెర్లు ఉన్నప్పుడు అది క్యాన్సర్ లేకపోయినా పెరుగుతుందని గుర్తుంచుకోండి. కామెర్లు దిగాక మళ్లీ చేయించిన అంకెకే విలువ.

ఇక స్టెంట్ రకం. ప్లాస్టిక్ గొట్టాల్లో పెద్దదాని వెడల్పు 3 మిల్లీమీటర్ల పైచిలుకు. మెటల్ స్టెంట్ వలలా అల్లి ఉంటుంది, మూసిన గొడుగులా సన్నగా లోపలికి వెళ్లి అక్కడ విచ్చుకుని 10 మిల్లీమీటర్లు అవుతుంది. ప్లాస్టిక్‌ది లోపల జిగురు, బురద పట్టి సాధారణంగా మూడు నెలలకల్లా మార్చాల్సి వస్తుంది, కొందరికి ఇంకా ముందే. మెటల్‌ది చాలామందిలో అంతకంటే బాగా ఎక్కువ కాలం నిలుస్తుంది. ధర చాలా రెట్లు ఎక్కువ, నిజమే. కానీ కీమో మధ్యలో ప్లాస్టిక్ మూసుకుపోయి జ్వరం వస్తే రెండోసారి ఈఆర్‌సీపీ, అడ్మిషన్, ఆగిపోయిన కీమో, ఈ ఖర్చంతా కలిపి చూడండి. కీమో దారిలో వెళ్లేవాళ్లకి నేను మెటల్‌దే చెబుతాను. తర్వాత విపుల్ ఆపరేషన్‌కి అది అడ్డం కాదు, గడ్డతో పాటు బయటికి వచ్చేస్తుంది. సర్జన్ పైన కుట్టు వేయడానికి నాళం మిగిలేలా పొట్టి స్టెంట్ ఎంచుకుంటే చాలు.

మెటల్‌లో మళ్లీ పొర ఉన్నది, పొర లేనిది అని రెండు రకాలు. పొర లేనిది ఒకసారి కండలో కూరుకుపోయాక తీయడం దాదాపు కుదరదు, వల కన్నాల్లోంచి గడ్డ లోపలికి పెరుగుతుంది కూడా. పొర ఉన్నదాన్ని తీయవచ్చు, కానీ జారిపోయే అవకాశం ఎక్కువ. నా పట్టుదల ఒక్కటే. క్యాన్సర్ అని బయాప్సీలో తేలకుండా పొర లేని మెటల్ స్టెంట్ వేయకూడదు. రేపు అది ఆటోఇమ్యూన్ వాపు అని తేలితే ఆ లోహం జీవితాంతం ఆయనలో ఉండిపోతుంది.

ఖర్చు గురించి టెన్షన్ పడుతున్నారు కాబట్టి, ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర డెస్క్ దగ్గర అడ్మిషన్‌కి ముందే కూర్చోండి. ఈ ప్రొసీజర్ ప్యాకేజీలో ఉందా, మెటల్ స్టెంట్ అందులో వస్తుందా విడిగా కట్టాలా అని రెండూ అడగండి.

ఆ రోజు ఏం జరుగుతుందో చెబుతాను, నాన్నగారికి కూడా చెప్పండి. కనీసం ఆరు గంటల ముందు నుంచి ఘనాహారం ఉండదు. బోర్లా గానీ పక్కకి గానీ పడుకోబెట్టి, మత్తు డాక్టరు మత్తిస్తారు. పక్కకి చూసే కెమెరా ఉన్న ఎండోస్కోప్ కడుపు దాటి పేగులోకి వెళ్తుంది. అక్కడ పేగు గోడ మీద చిన్న బుడిపె, దాని మధ్యలో సూదిమొనంత రంధ్రం కనబడుతుంది. అందులోకి సన్నటి వైరు దూర్చడమే ఈ పని మొత్తంలో కష్టమైన భాగం. ఎక్స్‌రే తెర మీద వైరు గడ్డ దగ్గర ఆగుతుంది, వంగుతుంది, కాసేపటికి జారి పైకి వెళ్తుంది. రంగు మందు ఎక్కిస్తే పైన బొటనవేలంత ఉబ్బిన నాళం, కింద దారంలా సన్నబడిన గీత కనబడతాయి. స్టెంట్ విచ్చుకోగానే అన్నాళ్లుగా నిలిచిపోయిన పిత్తరసం నల్లటి ఆకుపచ్చ రంగులో బుసబుసా పేగులోకి దూకుతుంది. ఇన్నేళ్లయినా ఆ క్షణంలో గదిలో అందరం ఊపిరి వదులుతాం. మామూలుగా అరగంట నుంచి గంట పని.

రిస్కులు దాచకూడదు. ఈఆర్‌సీపీ చేయించుకున్న వంద మందిలో మూడు నుంచి పది మందికి క్లోమం వాస్తుంది. ఎక్కువమందికి రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది, కొద్దిమందికి తీవ్రమవుతుంది. దాన్ని తగ్గించడానికే మలద్వారంలో డైక్లోఫెనాక్ గానీ ఇండోమెథాసిన్ గానీ బిళ్ల పెడతారు. ఇండోమెథాసిన్ బిళ్లతో వాపు వచ్చే అవకాశం బాగా తగ్గుతుందని 2012లో అమెరికాలో చేసిన పరీక్షలో తేలింది. పెట్టారా అని అడగడానికి మొహమాటపడకండి. రక్తస్రావం, పేగుకి చిల్లు పడటం అరుదు, కానీ ఉన్నాయి. ఆ సాయంత్రం నడుముకి పాకే గట్టి నొప్పి వస్తే నర్సుకి వెంటనే చెప్పాలి, గ్యాస్ అనుకుని ఊరుకోకూడదు.

కొందరిలో గడ్డ పేగునే నొక్కేసి ఎండోస్కోప్ ఆ బుడిపెదాకా వెళ్లదు, లేదా వైరు ఎక్కదు. అప్పుడు కూడా దారులున్నాయి. ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్‌తో పేగు గోడలోంచి నేరుగా ఉబ్బిన నాళంలోకి స్టెంట్ పెట్టి కొత్త దారి వేస్తారు. 2023లో వచ్చిన రెండు పోలిక పరీక్షల్లో ఏడాది పాటు స్టెంట్ పనితీరులో దీనికీ ఈఆర్‌సీపీకీ తేడా కనబడలేదు. అయితే చేయి తిరిగినవాళ్లే చేయాలి. లేదంటే పక్కటెముకల మధ్య నుంచి లివర్లోకి గొట్టం వేసి బయట సంచి తగిలించే పీటీబీడీ ఉంది. సంచితో ఇంట్లో ఇబ్బందే, కానీ జ్వరంతో ఉన్నవాళ్ల ప్రాణం కాపాడిన సందర్భాలు నాకు చాలా గుర్తున్నాయి. "ఈఆర్‌సీపీ కుదరకపోతే ఇక్కడే రెండో దారి ఉందా, వేరే చోటికి పంపుతారా" అని ముందే అడగండి.

స్టెంట్ వేసిన మర్నాడే కళ్లు తెల్లబడవు. ముందు మలం పసుపు రంగుకి తిరుగుతుంది, మూత్రం తేటపడుతుంది, కొద్ది రోజుల్లో దురద దిగుతుంది. కళ్ల పసుపు ఆఖరున పోతుంది, ఎందుకంటే కొంత బిలిరుబిన్ రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రోటీన్‌కి అతుక్కుని ఉండి నెమ్మదిగా కరుగుతుంది. 17.8 నుంచి మామూలుకి రావడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పట్టినా ఆశ్చర్యం లేదు. మొదటి వారం పది రోజుల్లో అంకె బాగా దిగిందా లేదా అన్నదే చూడాలి. దిగకపోయినా, దిగి మళ్లీ ఎక్కినా స్టెంట్ వేసిన డాక్టరుకి చూపించండి.

పథ్యం మాట మీరు అడగలేదు, అయినా చెబుతాను. కామెర్లని చెప్పి ఉప్పూ నూనే పసుపూ మానిపించి మజ్జిగన్నంతో నెలల తరబడి ఉంచుతారు మనవాళ్లు. ఈ జబ్బులో బరువు తగ్గడమే పెద్ద శత్రువు. దారి తెరిచాక ముద్దపప్పు, గుడ్డు, చేప, పెరుగు, సయించినంత నెయ్యి, కొద్దికొద్దిగా రోజుకి అయిదారు సార్లు పెట్టండి. పసుపు కూరలో వేసినందుకు కామెర్లు పెరగవు. మలం జిడ్డుగా నీళ్ల మీద తేలుతుంటే క్లోమం ఎంజైములు చాలడం లేదని అర్థం. డాక్టరు రాసిన ఎంజైమ్ క్యాప్సూల్ మొదటి ముద్దతోనే వేయాలి, తిన్న గంటకి వేస్తే పని చేయదు.

ఇంట్లో అందరికీ తెలియాల్సినది జ్వరం గురించి. స్టెంట్ ఉన్న మనిషికి వణుకుతో జ్వరం వస్తే అది సీజన్ జ్వరం అనుకోకూడదు. స్టెంట్ మూసుకుపోయి నాళంలో చీము పట్టడం గంటల్లో రక్తంలోకి పాకుతుంది. పల్నాడు నుంచి ఒక రైతును ఆయన భార్య రాత్రి పదకొండింటికి ఆటోలో తీసుకొచ్చింది. రెండు రోజులుగా చలిజ్వరం, ఊళ్లో ఆర్ఎంపీ ఇంజెక్షన్లు చేస్తూ వచ్చాడు. బీపీ పడిపోయి ఉంది. స్టెంట్ ఎప్పుడు వేశారో, ప్లాస్టిక్‌దో మెటల్‌దో ఆమెకి తెలియదు, కాగితాలు ఊళ్లో బీరువాలో ఉన్నాయి. ఎక్స్‌రే తీసి చూసుకుని ఆ రాత్రే పాత గొట్టం మార్చాం. మూడో రోజుకి లేచి కాఫీ అడిగాడు. ఇంకో పూట ఆలస్యమై ఉంటే బతికేవాడు కాదు.

అందుకని ఈఆర్‌సీపీ రిపోర్టు చేతికి రాగానే ఫోటో తీసి మీ ఫోన్‌లో, అమ్మగారి ఫోన్‌లో, తమ్ముడి ఫోన్‌లో పెట్టండి. స్టెంట్ రకం, పొడవు, వేసిన తేదీ, ప్లాస్టిక్ అయితే మార్చాల్సిన తేదీ అందులో ఉండాలి, లేకపోతే రాయించుకోండి. సీటీ సీడీ కూడా ఆ ఫైల్లోనే ఉంచండి. ముగ్గురు డాక్టర్లూ కలిసి ఏం తేల్చారో, బయాప్సీ ఏం వచ్చిందో ఇక్కడే రాయండమ్మా, చూసి చెబుతాను.